గాబరాకు పీట వేసిన మా మేనత్త

పోయిన సోమవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. "మీ అత్త ఇగ లేదు పిల్లా" అని మామ ఫోన్‌లో చెప్పాడు. రాష్ట్రం సరిహద్దులోని మా కొంటాలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక్క వీధే. నేను పరుగున వెళ్లేసరికి ఆయన ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అత్త సంతల్లో ఎండుచేపలు అమ్మేది. తెలుగువాళ్లతో తెలుగు, అడవి ఊళ్ల దోర్లవాళ్లతో వాళ్ల దోర్లి, లారీలవాళ్లతో హిందీ మాట్లాడేది. బేరంలో ఆమెను నెగ్గిన మనిషిని నేను చూడలేదు. అలాంటి మనిషి కొన్నేళ్ల కింద సంతకు వెళ్లడం మానేసింది. మామ సుక్మా రోడ్డు మీద జీపు నడుపుతాడు. ఆయన బండి ఎక్కితే చాలు, ఈమెకు చేతులు చల్లబడేవి, గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. ఆయన ఫోన్ ఎత్తకపోతే వెళ్లి హైవే పక్కన నిలబడేది. ఒకసారి ఎర్రబోరు సంతలో గంప అక్కడే వదిలేసి, "సచ్చిపోతున్న, నన్ను ఇంటికి తోలుకపోండ్రి" అని కనబడిన వాళ్లనల్లా పట్టుకుని ఏడ్చింది.

మామకు ఎన్నడూ ఏ ప్రమాదమూ జరగలేదు. ఆమెను మరింత బాధపెట్టింది అదే. కారణమంటూ ఒకటుంటే దాన్నైనా తిట్టుకునేది.

తాయెత్తులు కట్టించాం. భద్రాచలంలో గుండె పరీక్షలు చేయించాం. గుండెకేమీ లేదు, ఇది ఆందోళన, దీన్ని మాటలతో నయం చేసేవాళ్లుంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లండి అన్నాడు డాక్టరు. "అంటే నాకు పిచ్చి లేసిందంటరా?" అంది అత్త. ఆ దడ ఎక్కువవుతుంటే చివరికి తానే సరేనంది.

సుక్మా ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే మేడం ఉన్నారని తెలిసింది. ఆమెకు తెలుగు రాదు. "బేరానికి నా హిందీ సాలు గానీ, లోపలి మాటకు సాలదే" అని అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మొదటి రోజు మేడం అంతా విని, "ఘబరాహట్" అన్నారు. అత్త చప్పున నా వైపు తిరిగి, "గాబరా! ఈమెకు ఎరికే" అంది. తన బాధకు ఒక పేరుందనీ, ఆ పేరు వేరే ఊరివాళ్లకు కూడా తెలుసనీ ఆమెకు అప్పుడే తెలిసింది. చాలాసేపు ఏడ్చింది.

ఇటు మాట అటు చేర్చడం సులువే అనుకున్నాను. మామ బండి తీసినప్పుడు మనసులో ఏం కనబడుతుందని మేడం అడిగారు. "ఆయన పీనుగ కనబడ్తది" అంది అత్త. ఆ మాట మేడంకు నేను చెప్పలేకపోయాను. అత్త నా వైపు చూసి, తనకొచ్చిన సంత హిందీలోనే చెప్పేసింది: "లాష్ దిఖ్తా హై మేడం. రోజ్."

భయపడొద్దని మేడం ఎన్నడూ అనలేదు. భయం వచ్చినప్పుడు పారిపోకుండా, అది దిగేదాకా కూర్చోమన్నారు. ఊపిరి మెల్లగా బయటికి వదలడం నేర్పారు. ఇది మనసు అనుకున్నదా, నిజంగా జరిగిందా అని తనను తానే అడగమన్నారు. మామ బయల్దేరగానే ఫోన్ చేయకుండా అన్నం ఉడికేదాకా ఆగమన్నారు. అది అలవాటయ్యాక కూర కూడా అయ్యేదాకా. సంతకు మొదట ఊరికే నాతో వచ్చి నిలబడి తిరిగొచ్చేది. తర్వాత కాసేపు కూర్చునేది. గంపతో కూర్చోవడానికి నెలలు పట్టింది.

మధ్యలో ఒక వానాకాలం వాగు పొంగి మామ అవతల చిక్కుకున్నాడు. ఫోన్ కలవలేదు. పాత గాబరా మొత్తం తిరిగొచ్చింది. "నేర్సుకున్నదంతా పాయె మేడం" అని అత్త కుమిలిపోయింది. "గాబరా తిరిగొచ్చింది, అంతే. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు" అన్నారావిడ.

తర్వాత ఒకరోజు సంతలో చూశాను. అత్త గంప పక్కకు చిన్న పీట జరిపి, ఖాళీ పీటతో "వచ్చినవా? కూసో. నాకు బేరముంది" అంటోంది. చేపలు కొనడానికి వచ్చినామె తననే అనుకుని కూర్చుంది. అత్త పగలబడి నవ్వింది. ఆమె భయం పూర్తిగా పోయిందని మీకు చెప్పను. చెబితే ఆమే ఒప్పుకోదు. దాన్ని పక్కన పెట్టుకునే చేపలు అమ్మింది.

ఈ ఎండాకాలం ఆమెకు తిండి సహించలేదు, కళ్లు పచ్చబడ్డాయి. "ఇది ఆ గాబరా కాదు పిల్లా. అది నాకు బాగ ఎరికే. ఇది వేరే" అని తానే చెప్పింది. జగదల్‌పూర్ తీసుకెళ్లాం. పెద్ద డాక్టరు స్కానింగ్ చూసి హిందీలో నాతో చెప్పాడు. కాలేయంలో గడ్డ, బాగా ముదిరింది, ఇంటికి తీసుకెళ్లండి అని. నేను నోరు తెరవబోయాను.

"చెప్పకు. అర్థమయింది" అంది అత్త.

బయట బల్ల మీద కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుంది. "ఇది మనసు అనుకున్నదా, అయిందా?"

"అయిందే అత్తా."

"సరే మరి" అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఊరొచ్చాక మేడంకు ఫోన్ కలిపాను. ఆవిడ ధైర్యం చెప్పే కబుర్లేవీ చెప్పలేదు. భయం వేయడం తప్పు కాదన్నారు. ఈ రోజు ఏం చేయాలనుందని అడిగారు. అత్త ఆలోచించి, చింతపులుసు తినాలనుందంది. వండితే రెండు ముద్దలు తిన్నది.

చివరి రోజుల్లో ఊపిరాడనిది మామకు. మంచం పక్కన కూర్చుని గుండె పట్టుకునేవాడు. అత్త పడుకునే నేర్పేది: "మెల్లగ వదులు. పొయ్యి ఊదినట్టు కాదయ్యా. వేడి చాయ మీద ఊదినట్టు." ఆయన ఊదేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. అక్కడ ఒకరి మాట ఒకరికి చేర్చే పని కూడా నాకు లేదు.

నిన్న మధ్యాహ్నం, అత్త పోయాక మొదటిసారి, మామ బండి తీస్తానన్నాడు. నేనూ ఎక్కి పక్కన కూర్చున్నాను. తాళం తిప్పాడు గానీ గేరు వేయలేదు. "పోదామా మామా?" అన్నాను. వింటున్నట్టు తల ఊపాడు, కదల్లేదు. మేం ఎక్కినప్పుడు కురుస్తున్న వాన ఎప్పుడో ఆగిపోయింది. ఆయన వైపర్లు ఆపలేదు. అవి ఆరిన అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.