చాందినీ వీపు మీది గోనెసంచి

మా చిన్నప్పుడు... గిలకలదిండి నుంచి బందరు మార్కెట్‌కి మా ఎండుచేపల గంపలన్నీ మస్తాను మావయ్య జట్కాలోనే వెళ్ళేవి. అమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, గంపల మధ్య ఇరుక్కుని నేను... ముందు చాందినీ. తెల్ల ఆడగుర్రం.

ఆటోలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అయినా మావాళ్ళు జట్కా వదల్లేదు... ఆటోవాళ్ళు మా గంపల్ని చూస్తే ముక్కు మూసుకునేవారు లెండి.

ఆ వేసవిలో చాందినీకి జీను ఒరుసుకుని వీపు మీద పుండు పడింది. మెత్తగా ఉంటుందని మస్తాను మావయ్య జీను కింద గోనెసంచి మడిచి వేశాడు. పుండు ఇంకా పెద్దదైంది. జీను వేస్తే చాలు తన్నేది... నడిరోడ్డు మీద మొరాయించేది. చర్నాకోల గాల్లో ఊపడమే గానీ ఏనాడూ ఒంటికి తగలనివ్వని మనిషి... ఆ నెల దాన్ని కొట్టాడు. నేను చూశాను.

చివరికి ఓ పొద్దున మేం గంపలతో జట్కా దగ్గరికి వెళ్ళేసరికి బేరగాడు వచ్చి ఉన్నాడు. పనికిరాని గుర్రాల్ని కొని కోతకి పంపేవాడు. లారీలో అప్పటికే నాలుగున్నాయి... తలలు కిందికి లాగి కట్టేశారు. నీళ్ళు లేవు. ఒకదాని కన్ను వాచిపోయింది. పొడుగు కాళ్ళ గోధుమరంగుది ఇంకొకటి... పట్నంలో పందేలు గెలిచిందట. కాలు దెబ్బతిన్నాక ఇలా.

మస్తాను మావయ్య జీను విప్పి పక్కన పడేసి, చాందినీ తాడు వాడి చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఆ సంచి మనదే, తెచ్చేయ్" అంది అమ్మ నాతో. ఏ వస్తువూ వదలదు మా అమ్మ. చెమటకి తడిసిన సంచి పట్టుకున్నానో లేదో... అరచేతిలో ముల్లు గీరుకున్న చోట భగ్గుమంది.

"అమ్మా, మండుతోందే."

అమ్మ సంచిని వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంది. మొహం మారిపోయింది.

"మస్తానూ, రోజూ జీను కింద వేసింది ఈ సంచేనా?"

"నువ్విచ్చిందేగా అక్కా, ఖాళీది ఉందని."

"ఇందులో ఉప్పుచేపలు కట్టేవాళ్ళంరా. దాని పుండు మీద రోజూ ఉప్పేసి తోలావు... నేనిచ్చిన ఉప్పు."

అప్పటికి బేరగాడు చాందినీని లారీ ఎక్కించే చెక్కపలక దాకా లాక్కెళ్ళాడు. అమ్మ పరుగున వెళ్ళి ఆ పలక మీద గంపతో సహా కూర్చుంది.

"లేమ్మా, బేరం అయిపోయింది" అన్నాడు బేరగాడు.

"అయితే నన్నూ ఎక్కించుకో అబ్బాయ్, గంపతో కలిపి."

మిగతా నలుగురూ వచ్చి పక్కన సర్దుకున్నారు. వాళ్ళలో సుబ్బులత్తది గట్టి నోరు.

"మేం ఐదుగురం, ఐదు గంపలు. ఈ వాసనతో ఏ ఊళ్ళో భోజనానికి ఆపుతావు నాయనా?"

వాడు తిట్టుకుంటూ తాడు వదిలేశాడు. మస్తాను మావయ్య తీసుకున్న డబ్బు వాడి జేబులో కుక్కేసి, చాందినీ మెడ మీద తల పెట్టి ఏడ్చాడు.

మంచినీళ్ళతో వీపు కడిగారు... అది తన్నలేదు. పసుపు, కొబ్బరినూనె రాశారు. పుండు మానేదాకా ఐదుగురూ గంపలు నెత్తిన పెట్టుకుని బందరు నడిచారు. "తప్పు మనది, మనమే మొయ్యాలి" అంది అమ్మ.

మళ్ళీ జట్కా కట్టిన రోజు చూడాలండీ... జీను కింద అమ్మ పాత నూలుచీర మడత. మస్తాను మావయ్య చేతిలో చర్నాకోల లేదు. కోనేరు సెంటర్ దగ్గర చాందినీ రెండు ఆటోల్ని దాటేసింది. సుబ్బులత్త గంప పట్టుకుని లేచి నిలబడి, ఎండుచేప ఊపింది. "ముక్కు మూసుకో అల్లుడూ, ముందు మేం వెళ్తున్నాం." మార్కెట్‌ దాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ తర్వాత చాందినీ చాలా ఏళ్ళు బతికింది. ముసలిదై, మస్తాను మావయ్య పెరట్లోనే పడుకుని పోయింది.

ఇప్పుడు ఎండుచేపల కొట్టు నాదే... సరుకు ఆటోలో వస్తుంది. బందర్లో జట్కా చూసి ఎన్నేళ్ళయిందో. ఆ లారీలో వెళ్ళిపోయిన నాలుగింటి పేర్లు మాత్రం మాలో ఎవరమూ అడగలేదు... మీ ఊరి జట్కా గుర్రం పేరు గుర్తుంటే కింద రాయండి. చదువుకుంటాను.