గిన్నెడు చక్కెర పెరుగు

మా యారాలు, అంటే మా మరిది భార్య, అత్తమ్మకు సొంత అన్న కూతురు. పరకాల పిల్ల. నేను వర్ధన్నపేట నుంచి వచ్చిన పరాయిదాన్ని. ఇంట్లో మా ఇద్దరి సంగతి తెలియడానికి ఈ ఒక్క ముక్క చాలు. నాకు జ్ఞానదంతం పీకించుకోవాల్సి వచ్చినప్పుడు దుకాణంలో గిరాకీ ఉందని ఎవరూ వెంట రాలేదు. ఒక్కదాన్నే ఆటోలో పోయి, చిగురుకు సూది వేయించుకుని, దవడ పట్టుకుని తిరిగొచ్చి, సాయంత్రం అందరికీ రొట్టెలు చేశాను.

యారాలికి జ్ఞానదంతాలు అడ్డంగా మొలిచాయి. సూది పేరెత్తితేనే చెమటలు పడతాయి కాబట్టి మత్తిచ్చి తీద్దామన్నాడు హన్మకొండలో పళ్ల డాక్టరు. మత్తు ఇవ్వడానికి ఇంకో డాక్టరు. పోవడానికి కారు. దుకాణం షట్టర్ కూడా దించేశారు. నా పన్ను ఏం పాపం చేసిందని ఒళ్లు మండిపోయింది నాకు.

రాత్రి అన్నం తిన్నాక ఏమీ ముట్టొద్దని దవాఖాన నుంచి ఫోన్ చేసి మరీ చెప్పారు. పొద్దున నేను వంటింట్లోకి పోబోతుంటే, అత్తమ్మ ఆమెకు చక్కెర పెరుగు తినిపిస్తోంది. పని మీద బయటికి పోయేవాళ్ల నోట్లో ఇంత పెరుగు పెట్టి పంపడం మా ఇంటి రివాజు. ఒక చెంచా అయితే శకునం. ఈమెకు గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టింది.

"కడుపుల సల్లగుంటది బిడ్డా. పెరుగు తిండి కిందికి రాదు," అంటోంది.

నా పన్ను రోజు నాకు ఆ ఒక్క చెంచా కూడా దక్కలేదు. గుమ్మంలో నిలబడి నేను అదొక్కటే తలుచుకున్నాను. మత్తు సంగతి తోచనే లేదు.

దవాఖానలో మత్తు డాక్టరమ్మ యారాలి చేతికి నరం వెతుకుతూ, "పొద్దటి నుంచి ఏమన్న తిన్నరా?" అని అడిగింది.

"చుక్క నీళ్లు గూడ తాగలే మేడం," అంది అత్తమ్మ. కావాలని ఆడిన అబద్ధం కాదు. ఆమె దృష్టిలో పెరుగు తిండి కాదు, అంతే.

"మంచిది. మత్తుల ఉన్నప్పుడు కడుపుల ఉన్నది పైకొస్తే దగ్గుడు గూడ తెల్వదు. ఊపిరితిత్తులల్లకు పోతే పానం మీదికొస్తది," అందామె సూది చేతిలోకి తీసుకుంటూ.

చెబితే కుళ్లుతో చెడగొట్టిందంటారు. చెప్పకపోతే ఆ పిల్ల ఏమైపోతుందో.

"పెరుగు తిన్నది మేడం. గిన్నెడు," అన్నాను. గట్టిగానే అన్నాను. కొంచెం కసి కూడా ఉండే ఉంటుంది.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసి, ఇంకో రోజు ఖాళీ కడుపుతో రమ్మంది. ఇల్లు చేరాక యారాలు ఏడుస్తూ, "నా మీద ఎంత కుళ్లు అక్కా నీకు!" అంది.

ఉంది. లేదని నేనెప్పుడన్నాను? ఏ కుళ్లూ లేని మా ఆయన, మరిది కూడా పొద్దున ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకు గిన్నె కనిపించలేదు. ఆమె నోటికి ఏం అందుతుందోనని పెళ్లయి వచ్చిన నాటి నుంచి కనిపెట్టుకుని ఉన్నదాన్ని కాబట్టి నాకు కనిపించింది.

రెండోసారి అత్తమ్మ భయపడి రాలేదు. "నువ్వే జర చూసుకో," అని నన్ను పంపింది. పళ్లు తీసి పక్క గదిలో పడుకోబెట్టాక యారాలి దగ్గర కూర్చున్నాను. నర్సమ్మ అక్కడే ఉన్నా, యారాలి వేలికి తగిలించిన క్లిప్పునూ మిషన్ మీది అంకెలనూ కళ్లార్పకుండా చూశాను. రెండో చెయ్యి నా చేతిలోనే ఉంది. చాలాసేపటికి ఆమె కళ్లు సగం తెరిచి, మొద్దుబారిన నాలుకతో ఏదో అడిగింది. వంగి విన్నాను.

"అత్తమ్మ ఏది?"

కడుపు మండిపోయింది. చెయ్యి వదలకుండానే చెప్పాను.

"ఇంట్ల ఉన్నది. నీ కోసం పెరుగు తోడేసి పెట్టింది."