గురువారం మూడింటికి జరగని మీటింగు

శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. దీపావళి వెళ్ళి రెండు వారాలైంది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు భయపెడుతున్న కాలం. సెరంగూన్‌లో మా ఫ్లాటు వంటింటి బల్ల మీద ఒక కాగితం పెట్టి, నా పేరున్న చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు వేసి, ఇక్కడ సంతకం చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో రాస్తాను.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశానికి రబ్బరు తోట పనికి వచ్చాడు. మా ఇంట్లో ఆడపిల్లల్ని బడికి పంపలేదు, దాని గురించి ఏడ్చే తీరికా ఎవరికీ లేదు. పని మానేశాక, ఏభై ఆరో ఏట, కమ్యూనిటీ సెంటర్లో ఇంగ్లీషు అక్షరాలు, ఆదివారం క్లాసులో మనవరాలి పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. టీచరమ్మ నన్నేమీ అనేది కాదు. పిల్లలే "ఆంటీ, రాంగ్ లా" అనేవారు, ఇక్కడ మాట చివర 'లా' తగిలించడం అందరికీ అలవాటు. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకి ఒక రోగం ఉంటుంది, కనబడిందల్లా చదువుతారు. మందు సీసా మీదది, లిఫ్టులో అంటించిన నోటీసు, రసీదు వెనక చీమల్లాంటి అక్షరాలు. చదవకుండా వదిలెయ్యడం నాకు ఇప్పటికీ చేతకాదు.

అంతకుముందు పదిహేడేళ్ళు ఊరికి ఆ చివర తువాస్‌లో ఒక షిప్‌యార్డులో పనిచేశాను. ఓడ ట్యాంకులోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ నాకిచ్చి దిగాలి. నేను దాన్ని బోర్డు మీద మేకుకి తగిలిస్తాను. పైకి వచ్చాక ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకెళ్తారు. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు, ఆ పనికి అవి చాలు. బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు.

ఒకరోజు ఒకతను హాజరు పడుతుందని తన బిళ్ళ స్నేహితుడి చేతికిచ్చి తను క్యాంటీన్‌కి పోయాడు. ఆ మధ్యాహ్నం ట్యాంకులో పొగ లేచింది. అందరూ పైకి వచ్చారు. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. ఆ ఒక్కడి కోసం ఇద్దరు మళ్ళీ దిగారు. బతికే వచ్చారు కానీ అందులో ఒకతనికి ఆ తరవాత మెట్లెక్కితే ఆయాసం. బిళ్ళ తాలూకు మనిషి టీ గ్లాసు పట్టుకుని గుంపులో నిలబడి చూస్తున్నాడు. ఆ బిళ్ళ తగిలించింది నేను. ఇచ్చినవాడి ముఖం చూడకుండా తీసుకున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఇక కాగితం సంగతి. మా వెనక గదిలో ఇద్దరు కంప్యూటర్ కుర్రాళ్ళు అద్దెకి ఉండేవారు. ఒకడిది గుంటూరు, ఒకడిది వరంగల్. ఇంట్లో వాళ్ళని ఊళ్ళ పేర్లతోనే పిలిచేవాళ్ళం, ఇక్కడా అలాగే రాస్తాను. ఇద్దరూ సైన్స్ పార్క్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవారు. అది మానేసి సొంతంగా కంపెనీ పెడతామన్నారు. ఫ్యాక్టరీ గోడౌన్లో ఏ సరుకు ఎంతుందో చెప్పే సాఫ్ట్‌వేరు వాళ్ళది. ఇక్కడి చట్టం ప్రకారం కంపెనీకి ఈ దేశంలో స్థిరంగా ఉండే డైరెక్టరు ఒకరైనా ఉండాలి. వాళ్ళ వీసాలు ఇంకా తేలలేదు. అందుకని తమతోపాటు నన్నూ డైరెక్టరుగా ఉండమని అడిగారు.

"ఊరికే పేరు ఆంటీ, మీకు పనేం ఉండదు" అన్నాడు గుంటూరు.

పని లేని ఉద్యోగం ఎలా ఉంటుందో చూద్దామని ఒప్పుకున్నాను. చిన్న కంపెనీలకి కాగితాలు చూసిపెట్టే ఒక చైనీసావిడ వీళ్ళ కంపెనీకి సెక్రటరీ. డైరెక్టరంటే ఏమిటని ఆవిణ్ణే అడిగాను. నెమ్మదైన మనిషి, విసుక్కోకుండా చెప్పింది. చట్టం లెక్కలో కంపెనీ కూడా ఒక మనిషేనట. ఆస్తి కొంటుంది, కోర్టుకి వెళ్తుంది. కానీ దానికి నోరూ చెయ్యీ లేవు కనక డైరెక్టర్లు కూర్చుని దాని తరఫున నిర్ణయిస్తారు. ఎప్పుడు కూర్చున్నారు, ఎవరెవరున్నారు, ఏం తీర్మానించారు అన్నది రాసి సంతకం చేస్తే దాన్ని మినిట్స్ అంటారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ పుస్తకమే చూస్తారు. నాకు బాగా అర్థమైంది. నా బోర్డు లాంటిదే.

ఏడాది గడిచేసరికి స్నేహితులిద్దరికీ చెడింది. వరంగల్ తువాస్‌లో ఒక ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేరు ఎక్కించే పని మీద మూడు నెలలుగా అటే మకాం. గుంటూరు టై కట్టుకుని కొత్త క్లయింట్ల చుట్టూ తిరిగేవాడు. నా దగ్గర ఒకరి మీద ఒకరు ఏమీ చెప్పలేదు. ఒకే ఇంట్లో అన్నం తిన్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు ఎత్తడం మానేస్తే చెప్పక్కర్లేదు.

ఆ శుక్రవారం గుంటూరు సెక్రటరీని వెంటబెట్టుకుని వచ్చాడు. టైపు చేసిన ఒక్క పేజీ. కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టి పైనుంచి మొదలెట్టాను.

"చదవక్కర్లేదు ఆంటీ, నేను చెప్తాగా" అన్నాడు గుంటూరు. "సైన్స్ పార్క్‌లో ఆఫీసు గది దొరికింది. సాయంత్రం ఐదు లోపల ఈ కాగితం ఇస్తే తాళం ఇస్తారు. లేకపోతే వేరేవాళ్ళకి పోద్ది."

"నువ్వు చెప్పింది వింటూ చదువుతాను లే."

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కిటికీ దగ్గర పేపరు వెనకనుంచి అన్నాడు. "దాన్ని ఆపలేవు బాబూ. అరటిపండుకి అంటించిన స్టిక్కరు కూడా చదివేగాని తొక్క తియ్యదు."

కాగితంలో ఇలా ఉంది. గురువారం మధ్యాహ్నం మూడు గంటలకి సెక్రటరీ ఆఫీసులో డైరెక్టర్ల మీటింగు జరిగింది. హాజరైనవారు ముగ్గురు, గుంటూరు, వరంగల్, నేను. మొదటి తీర్మానం, ఆఫీసు గది తీసుకోవడం. రెండోది, కంపెనీ కాగితాల మీద కుర్రాళ్ళిద్దరూ సంతకం చెయ్యాలన్న పాత నియమం రద్దు, ఇకమీదట గుంటూరు ఒక్కడి సంతకం చాలు. అందరూ ఒప్పుకున్నారు.

అంటే కంపెనీ సగం కట్టిన వరంగల్ ఆ రోజునుంచి దాని విషయంలో అడగాల్సిన మనిషి కాడు. అలాగని తనే వచ్చి కూర్చుని ఒప్పుకున్నాడని కాగితం.

నేను లేచి సంచీలోంచి పాలీక్లినిక్ చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాను. కళ్ళు చూపించుకోడానికి వెళ్ళినప్పుడు ఇచ్చిన నంబరు చీటీ. దాని మీద గురువారం, రెండు గంటల ఏభై రెండు నిమిషాలు అని అచ్చయి ఉంది.

"నిన్న మూడింటికి నేను క్లినిక్‌లో ఉన్నాను. మీ మీటింగులో ఎవరు కూర్చున్నారు, నా దెయ్యమా?"

"ఆంటీ, అది ఫార్మాలిటీ. చిన్న కంపెనీలన్నీ ఇంతే. మీటింగంటే కాగితమే."

"వరంగల్ ఎక్కడున్నాడు?"

గుంటూరు టై సరిచేసుకున్నాడు.

"ఏటి బాబూ, వాడికి తెలుసా?"

"చెప్దామనే అనుకుంటున్నా."

"ముందు ఒప్పుకున్నాడని రాసి, తరవాత చెప్తావా?"

సెక్రటరీని ఇంగ్లీషులో అడిగితే తలదించుకుని కలం మూత పెట్టింది, తీసింది. "ఆంటీ, అతను ఫోన్లో ఓకే అన్నాడని నాకు చెప్పారు. నేను మళ్ళీ అడగలేదు" అంది ఇంగ్లీషులో. ఆవిడ తప్పు అంతవరకే. నా బిళ్ళ తప్పు కూడా అంతవరకే అనిపించి ఆవిణ్ణి ఏమీ అనలేదు.

గుంటూరు తెలివైనవాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "సరే ఆంటీ. మీటింగు కావాలంటే ఇప్పుడే పెడదాం. ఇద్దరు డైరెక్టర్లుంటే చాలు, రూల్లోనే ఉంది. మీరూ నేనూ ఉన్నాం. వాడు రాలేదని రాద్దాం. అబద్ధం ఏం లేదుగా?"

అదే మాట సెక్రటరీని ఇంగ్లీషులో అడిగాను. ఇద్దరు చాలన్నది నిజమే అంది. కలం కింద పెట్టి, "బట్ నోటీస్ మస్ట్ గో టు ఎవ్రీవన్ లా" అంది. మీటింగుందని ముగ్గురికీ తెలియాలి. తెలిసీ రాకపోతే అది వాళ్ళిష్టం. తెలియకుండా పెడితే అది మీటింగు కాదు.

"విన్నావు కదా. ఫోన్ చెయ్యి."

"వాడొచ్చేసరికి సాయంత్రం అవుద్ది."

"తువాస్ నుంచి టాక్సీలో గంట" అన్నాడు మా ఆయన. "నేనైతే ఏభై నిమిషాలు."

గుంటూరు తన హ్యాండ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు కానీ నొక్కలేదు. మా ఇంటి ఫోన్లో నేనే చేశాను. వెనక యంత్రాల మోత. "మీ కంపెనీ మీటింగు మా వంటింట్లో. నీ సంతకం అక్కర్లేదన్నది విషయం. వస్తావా?" అన్నాను.

మోతకి గొంతు పెంచాడు. "వస్తున్న ఆంటీ, నేనొచ్చేదాంక సురువు చేయకుండ్రి" అన్నాడు.

పదకొండు దాటింది. వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం మా ఇంట్లో లేదు. చారు పెట్టాను, ఎండు నెత్తళ్ళు వేయించాను. సెక్రటరీ రెండుసార్లు వడ్డించుకుంది. గుంటూరు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"మకాన్ లా బాబూ, తిను. మీటింగులో అరవడానికి ఓపిక కావాలి" అన్నాడు మా ఆయన.

"ఆంటీ, ఆ గది పోతే నా పనయిపోయినట్టే" అన్నాడు గుంటూరు నాతో మెల్లగా. వాడి భయం అబద్ధం కాదు. అయినా కాగితంలో ఉన్నది వేరే సంగతి.

పన్నెండు గంటల పది నిమిషాలకి వరంగల్ వచ్చాడు. కాళ్ళకి సేఫ్టీ బూట్లు, చొక్కా మీద ఫ్యాక్టరీ దుమ్ము. గుంటూరు వైపు చూడకుండా కూర్చుని టైపు కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆఫీసు కావాల్నే, తీసుకో" అన్నాడు. "రెండోది కాయితం చెప్పుడు కాదు, నా మొకం చూసి నువ్వు చెప్పు."

"ప్రతి కాగితానికీ నీకోసం రెండ్రోజులు ఆగాలిరా. నువ్వు తువాస్‌లో కూర్చుంటే ఇక్కడ క్లయింట్లు పోతన్నారు."

"వాళ్ళ పని చేసేతందుకే కద తువాస్‌ల కూసున్న? అడిగితే నేనే ఇస్తుంటి. నువ్వు రాసుకున్నవ్."

గుంటూరు ముఖం ఎర్రబడింది. టైపు కాగితాన్ని సెక్రటరీ వైపు తోశాడు.

సెక్రటరీ టైపు కాగితం మీద అడ్డంగా రెండు గీతలు గీసి మడిచి పెట్టుకుంది. తెల్ల కాగితం మీద కొత్తగా రాసింది. శుక్రవారం, పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. మొదటి తీర్మానానికి ముగ్గురూ సరే. రెండోదానికి గుంటూరు సరే అన్నాడు, వరంగల్ వద్దన్నాడు. సెక్రటరీ నా వైపు చూసింది.

"వద్దు" అన్నాను.

నా సంతకం నెమ్మది. ఒక్కో అక్షరం దింపి పైకి తెస్తాను. ముగ్గురూ ఆగారు. గుంటూరు తను ఓడిన కాగితం మీద తనే సంతకం చేసి, ఆఫీసు తీర్మానం కాపీ పట్టుకుని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి పోయాడు. తాళం దొరికింది. నెలాఖరుకి మా గది ఖాళీ చేశాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఏడాదిన్నర తరవాత కంప్యూటర్ల జోరు తగ్గింది, వాళ్ళ కంపెనీ మూసేశారు. మూయడానికి కూడా మీటింగు కావాలి. ఇద్దరూ మా వంటింటికే వచ్చి, అదే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, అక్షరం వదలకుండా చదివి సంతకం చేశారు.

గురువారం మూడింటికి ఎవరూ లేరు. శుక్రవారం ఉన్నవారు వీళ్ళు. డైరెక్టర్లు ముగ్గురు, గుంటూరు కుర్రాడు, వరంగల్ కుర్రాడు, నేను. రాసినావిడ, సెక్రటరీ. హక్కు లేకపోయినా కూర్చున్నవాడు, కాబట్టి సెక్రటరీ రాయకుండా వదిలేసినవాడు, కిటికీ దగ్గర పేపరు పట్టుకుని మా ఆయన.