రాజమ్మ పెద్దమ్మ చెప్పిన రెండో సగం

మా చిన్నప్పుడు... మాట్నీకి వెళ్లొచ్చిన రోజు సాయంత్రం రాజమ్మ పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుందంటే, గల్లీలో ఆడవాళ్లంతా రాట్నాలు పట్టుకుని వచ్చేసేవారు. మట్టెవాడలో మాది జంపఖానాలు నేసే గల్లీ. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు కండెలు చుడుతూ... చేతులు నూలు మీద, చెవులు పెద్దమ్మ మీద.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మా మేనమామ టాకీసులో గేటు దగ్గర పనిచేసేవాడు కాబట్టి ప్రతి కొత్త సినిమా ఆమెకు అందేది. ముందు తీర్పు చెప్పేది, కథ తర్వాత.

"పాటలు మంచిగున్నయ్. హీరోయిన్ ఏడ్సుడు ఎక్కువైంది. ఆ పోలీసాయన ఒక్కడే మంచిగ జేసిండు..."

ఇంకోసారి, "కొట్లాటలు జూసి తలకాయ నొచ్చింది. ఆ పిలగాని నెత్తికి అంత నూనె ఎందుకు వెట్టిండ్రో."

కథ విన్నాక ఆడవాళ్లెవరూ టాకీసుకు వెళ్లేవారు కాదు. విన్నది సరిపోయేది. ఎప్పుడైనా ఏ మగమనిషైనా "కథ అట్ల లేదు గదా వదినె" అంటే, "నువ్వు నడుమల నిద్రవొయినవ్ తీయ్" అనేది. అంతటితో ఆ ముచ్చట ముగిసేది.

ఒక రోజు సంగతి మాత్రం వివరంగా రాయాలి.

మా పక్కింటి సరోజనక్క అప్పటికి పుట్టింటికి వచ్చి నెల దాటింది. భర్తది హసన్‌పర్తి. కొట్టేవాడు. ఆమె మోచేయి నుంచి మణికట్టు దాకా మచ్చలు నేను చూశాను. మర్నాడు అత్తింటివాళ్లు తీసుకుపోవడానికి వస్తున్నారు. వాళ్లమ్మ చీరలు సర్ది పెట్టింది కూడా...

ఆ సాయంత్రం పెద్దమ్మ చెప్పిన సినిమాలోనూ మొగుడు కొడతాడు. పెళ్లాం బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చేస్తుంది. కొన్నాళ్లకు అతను వాకిట్లోకి వచ్చి పిలుస్తాడు. ఆమె లోపలి నుంచి గడియ పెడుతుంది. కుట్టుమిషను కొనుక్కుంటుంది. బిడ్డను చదివిస్తుంది.

సరోజనక్క రాట్నం ఆపింది.

"మళ్ల పోలేదా పెద్దమ్మా?"

"పోలే."

"జనం ఏమనలేదా?"

"అన్నరు. నాలుగు దినాలన్నరు. ఇంకోల్ల ముచ్చట దొరికితె దీన్ని ఇడిసిపెట్టిండ్రు."

మర్నాడు హసన్‌పర్తి వాళ్లు వచ్చారు. సరోజనక్క గడియ పెట్టింది. బయట వాళ్లమ్మ ఏడ్చింది, భర్త తలుపు తన్నాడు... తీయలేదు. కొన్నాళ్లకు, చనిపోయిన తండ్రి మగ్గం మీద తనే కూర్చుంది. అప్పటిదాకా మా గల్లీలో మగ్గం మీద ఆడమనిషి కూర్చోలేదు.

ఎనభైల్లో మా ఇంటికి టీవీ వచ్చింది. పెద్దమ్మకు సీరియళ్లు నచ్చలేదు. "వారమంత ఆగితె కుర్సీలల్ల కూసొని మాట్లాడుకుంటరు. ఎవ్వలు పని జేయరు" అనేది. సినిమా వేసిన సాయంత్రం మాత్రం గల్లీ అంతా మా ఇంట్లోనే.

అలాంటి ఒక సాయంత్రం... సినిమా మొదలైన కాసేపటికి అందరికీ తెలిసిపోయింది. పెద్దమ్మ చెప్పిన కథే. పెద్దమ్మ లేచింది. అమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు జెప్పిన సినిమానే గదక్కా, యాడికి పోతానవ్?"

మొగుడు వాకిట్లోకి వచ్చాడు. మేమంతా గడియ కోసం చూస్తున్నాం.

ఆమె తలుపు తీసింది. అతని కాళ్ల మీద పడింది. కొంగుతో కాళ్లు తుడిచింది. శుభం.

గదిలో ఉన్నవాళ్లంతా తెర వదిలి పెద్దమ్మ వైపు తిరిగారు.

ముందుగా ఎదురింటి లక్ష్మక్క అడిగింది. "కుట్టుమిషనేదే రాజమ్మా?"

పెద్దమ్మ నేల చూపులు చూసింది. "ఇంటర్వెల్ దాకనే జూసిన."

అప్పుడు బయటపడింది. మా గల్లీలో నల్లా సాయంత్రం నాలుగున్నరకు వచ్చి అరగంటలో పోయేది. పెద్దమ్మ ఇంట్లో నీళ్లు పట్టేది ఆమె ఒక్కతే. అందుకని ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేసేది. ఇన్నేళ్లలో ఒక్క సినిమా రెండో సగం చూడలేదు. నల్లా దగ్గర బిందెతో నిలబడ్డ ఆమెను అందరం చూసేవాళ్లం... మాట్నీ అయిదున్నర దాకా అయిపోదని ఎవరం ఆలోచించలేదు.

"గా అన్నదమ్ముల సినిమా?" లక్ష్మక్కే మళ్లీ అడిగింది.

"అదీ సగమే."

"తమ్ముడు సచ్చిండని నేను రెండు దినాలు బువ్వ తినలే గదనే."

అందరి చూపూ సరోజనక్క మీదికి పోయింది. ఆమె పెద్దమ్మను అడిగింది.

"అంటే... అసొంటి ఆడిది యాడ లేదా? నేనొక్కదాన్నేనా?"

పెద్దమ్మ మెల్లగా అంది. "మిగిలినయ్ నోటికొచ్చినట్టు జెప్పిన బిడ్డా. గదొక్కటి సోంచాయించి జెప్పిన. నీ చెయ్యి జూసుకుంట జెప్పిన."

టీవీలో వార్తలు మొదలయ్యాయి. సరోజనక్క తెర వైపు చూసి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"తెల్లారి వాడు మళ్ల కొట్టిండో లేదో సూపెట్టకుంటనే శుభం ఏసిండ్రు పెద్దమ్మా."

ఇప్పుడు ప్రతి చేతిలో ఒక తెర ఉంది. ఎవరి సినిమా వాళ్లే చివరిదాకా చూసుకుంటున్నాం... వినేవాళ్ల ముఖం చూసి ముగింపు చెప్పే మనిషి మాత్రం ఏ గల్లీలోనూ కనిపించడం లేదు. మీ వాడలో సినిమా కథలు చెప్పింది ఎవరు? వాళ్లు చెప్పినట్టే ఆ సినిమా ముగిసిందా... ఎప్పుడైనా సరిచూశారా? తెలిస్తే కింద రాయండి.