పర్వాలేదన్నాడని రాశారు

మా తమ్ముడి వైద్య నివేదికలో ఒక వాక్యం ఉంది. "నొప్పి ఎలా ఉందని అడగగా, పర్వాలేదని రోగి స్వయంగా చెప్పాడు." అది చదివినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాడు ఆ మాట కాక ఇంకో మాట ఎప్పుడన్నాడు గనక? తన కాలు తొక్కినవాడికి కూడా పర్లేదండీ అని చెప్పే రకం. వాడు పనిచేసే అద్దాల గోడౌన్లో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ 'పర్లేదు' అనే పిలుస్తారు. "పర్లేదుని పిలవండిరా, లారీ వచ్చింది" అని మేనేజరు కేకేస్తే, తింటున్న ముద్ద వదిలేసి పరుగెత్తేవాడు.

తప్పు మా అమ్మదందామంటే ఆవిడ ఇప్పుడు లేదు. ఎవరింటికెళ్ళినా ఏమీ అడక్కూడదు, వాళ్ళు పెట్టినా ఒకసారి వద్దనాలి, ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పాలి అని పెంచింది. ఆ పెంపకం నాకు ఒంటబట్టలేదు, వాడికి ఎముకల్లోకి ఇంకింది. వాడి పెళ్ళిలో ఆఖరి బంతికి కూర అయిపోతే, ఆకలి లేదులెండి అని లేచిపోయాడు. పెళ్ళికొడుకు! మా మరదలు ఈ సంగతి చెప్పి అందరినీ నవ్విస్తుండేది. ఈమధ్య చెప్పడం మానేసింది.

గోడౌన్లో వాడి పని పెద్ద అద్దాలు మోయడం. దుకాణాల ముందు బిగించే నిలువెత్తు పలకలు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, అడుగులో అడుగు కలిపి నడవాలి. ఒకడి పట్టు సడలితే రెండోవాడి పని అయిపోయినట్టే. వాడి జోడీని అందరూ పొడుగోడంటారు. ఇద్దరూ కలిసి ఏళ్ళ తరబడి మోశారు.

పలకలు వాలుగా నిలబెట్టే ఇనప స్టాండు ఒకటి కాలు విరిగి ఉంది. చెప్పగా చెప్పగా మేనేజరు దానికి తాడు కట్టించాడు. తాడు! ఆ తాడు తెగిన రోజు స్టాండు కింద పొడుగోడు ఉన్నాడు. మా తమ్ముడు కుడి భుజం అడ్డుపెట్టాడు. పొడుగోడు బతికాడు. వీడికి ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది గానీ, మెడ నుంచి చేతిలోకి దిగే నరం నలిగిపోయింది.

నష్టపరిహారం అడిగితే కంపెనీవాళ్ళు ముందు తమ డాక్టరుకి చూపించుకోమన్నారు. ఆ పొద్దున మా ఇంట్లో పెళ్ళిచూపుల హడావిడి. కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడని మరదలు వాడికి గడ్డం గీసింది. నేను చొక్కా ఇస్త్రీ చేశాను. గుండీలు మరదలే పెట్టింది. ఇద్దరం కలిసి వాణ్ణి చక్కగా ఆరోగ్యవంతుణ్ణి చేసి పంపాం.

ఆ మహానుభావుడు రాసింది ఇదీ. శుభ్రమైన దుస్తుల్లో, గడ్డం గీసుకుని వచ్చాడట. చొక్కా గుండీలన్నీ సక్రమంగా ఉన్నాయట. తలుపు తానే తీసుకున్నాడట. ఏ చేత్తో తీశాడో రాయడానికి సిరా చాలలేదు కాబోలు. మెడ ఎముకల్లో వయసుతో వచ్చే అరుగుదల ఉందట. కాబట్టి పాత పనికి అర్హుడట. గోరుచుట్టు మీద రోకటిపోటులా, సోమవారం నుంచి పనిలోకి రావాలని, రాకపోతే మానుకున్నట్టేనని గోడౌన్ నుంచి కబురొచ్చింది.

ఆ కాగితాలు పట్టుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఒక పెద్దావిడ ఇలాంటివి చూస్తుంది. నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, పెన్సిలు తీసింది.

"చూడమ్మా, డాక్టరు పరీక్ష చేసి తేల్చింది వేరు, మీవాడు నోటితో చెప్పింది వేరు, డాక్టరు తన మనసులో అనుకున్నది వేరు. ఈ మూడూ ఒకే గిన్నెలో కలిపి వండేస్తారు. మనం విడదీసి చదువుకోవాలి."

ఆవిడ గీతలు పెట్టుకుంటూ పోతుంటే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. చేతి పట్టు ఎంతుందో కొలిచినట్టు ఎక్కడా లేదు. వేళ్ళకి స్పర్శ ఉందో లేదో చూసినట్టు లేదు.

"చెయ్యని పరీక్ష కాగితం మీద కనబడదు కదా, మనమే వెతకాలి. ఇక అరుగుదల అంటారా, ఉంటే ఉండనీ. అద్దాలు మీద పడేముందు రోజుదాకా మోశాడు కదా, మర్నాటి నుంచి ఎందుకు మొయ్యలేకపోతున్నాడు? దానికి ఇందులో జవాబేది?"

అభ్యంతరం రాసిస్తే నష్టపరిహారం కేసులు చూసే ప్రభుత్వ అధికారి వేరే డాక్టరుకి పంపిస్తారని చెప్పింది. "కానీ అక్కడ కూడా మీవాడు పర్వాలేదంటే, ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరమ్మా."

ఇంటికొచ్చేసరికి వాడు బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎడమ చేత్తో.

"గొడవెందుకులే అక్కా, వెళ్ళిపోతాను. చిన్నగా అలవాటవుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అడగందే అమ్మయినా పెట్టదురా. వీళ్ళు అమ్మకన్నా ఎక్కువా నీకు? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. మొత్తించుకోవడానికి బూట్లు కూడా తుడుచుకుంటున్నావా?"

వాడు నవ్వాడు. ఆ నవ్వు మీద వేడినీళ్ళు పొయ్యాలనిపించింది. మరదలు తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం పొడుగోడు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు నాతో కొస ఎత్తుతావంట?"

"ఎత్తుతా. పర్లేదు."

"ఆ మాట నాకు చెప్పకు. నీ చెయ్యి జారితే పలక ఎవడి మీద పడుతుంది? నన్ను బతికించావు, చచ్చేదాకా మర్చిపోను. అందుకని నోరు మూసుకుని నీతో నడుస్తాననుకోకు. నడవను. నీకు పర్లేదేమో. నాకు పిల్లలున్నారు."

మరదలు ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. నా అన్ని తిట్లూ కలిపినా అంత పనిచెయ్యలేదు. తమ్ముడు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "ఆ అభ్యంతరం కాగితం ఎక్కడ అక్కా, సంతకం పెడతాను" అన్నాడు. మర్నాడు పనిలోకి వెళ్ళలేదు.

వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ఈసారి గడ్డం గియ్యనివ్వలేదు, ఇస్త్రీ పెట్టలేదు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నేనూ వెంట వెళ్ళబోతే వాడు ఆపాడు.

"నువ్వు బయట కూర్చో అక్కా."

వీడు మళ్ళీ మంచివాడనిపించుకుని వస్తాడు, నాకు తెలుసు, అని పళ్ళు కొరుక్కుంటూ తలుపు పక్కనే నిలబడ్డాను. డాక్టరమ్మ వాణ్ణి చేత్తో ఏదో నొక్కమంది. కళ్ళు మూసుకోమని, ఏ వేలు ముట్టుకున్నానో చెప్పమంది. తర్వాత అడిగింది, "రోజూ చేసే పనుల్లో ఏది కష్టంగా ఉంది?"

ఆ 'పర్లేదు' ఇప్పుడొస్తుందని చెవులు రిక్కించాను. తోసుకుని లోపలికెళ్ళి నేనే చెప్పేద్దామా అనుకుంటుండగా వాడి గొంతు వినబడింది.

"మా పాపని బడి నుంచి తీసుకొస్తానండి. ఎడమ చేతిలో దాని సంచి ఉంటుంది. కుడి చేత్తో దాన్ని పట్టుకుని రోడ్డు దాటిస్తాను. పట్టుకున్నానో వదిలేశానో, కిందికి చూస్తే తప్ప తెలియదండి. మొన్న రోడ్డు మధ్యలో చూసుకుంటే, పాప నా చేతిలో లేదు."

ఈ సంగతి నాకు తెలియదు. మరదలికీ తెలియదు. తెలిస్తే ఆ పిల్లని పంపుతుందా? కంపెనీ మీద, ఆ డాక్టరు మీద, మా అమ్మ మీద, వీడి మీద ఇన్నాళ్ళుగా ఉన్న కోపమంతా ఇప్పుడు ఎవరి మీద చూపించాలో తెలియలేదు. తలుపు మీద పెట్టిన చెయ్యి తీసేశాను.

లోపల డాక్టరమ్మ, "ఇంకా చెప్పండి" అంది.

వాడు చెబుతున్నాడు.