పెనాంగ్ వీధిలో ఆగిన కట్టంగూర్ పైపు బ్యాండు

మా మామగారు దేవదానం కట్టంగూర్‌లో పెళ్లిళ్లకు పైపు బ్యాండు నడుపుతారు. చంకలో గాలిసంచి నొక్కుతూ ఊదే పైపులు ఆరు, డోళ్లు మూడు. ఎవరో తీసిన బారాత్ వీడియో చూసి మలేసియాలోని ఒక తెలుగు సంఘం వారు పెనాంగ్ నగరంలో జరిగే వాద్యబృందాల ఊరేగింపుకు వీరిని పిలిచారు. కుటుంబంలో ఇంగ్లీషులో దరఖాస్తు రాయగల ఉద్యోగి నేనొక్కడినే కావడం వల్ల నన్ను పర్యటన సమన్వయకర్తగా ఏకగ్రీవంగా నియమించారు. నా అభ్యంతరం నమోదు కాలేదు.

ఊరేగింపు నిబంధన ఒక్కటే. ప్రతి బృందం ఆ వీధిని పన్నెండు నిమిషాల్లో, ఎక్కడా ఆగకుండా దాటాలి. అలా దాటిన బృందాల్లో మేలైనవాటికి మరునాటి సాయంత్రం హాలులో, వేదికపై వాయించే అవకాశం. మామగారికి కావలసింది ఆ హాలే. "నలపై ఏండ్లాయె ఊదవట్టి. కుర్చీల కూసోని ఇన్నోడు ఒక్కడు లేడు అల్లుడా" అన్నారు. ఆ మాట విన్నాక రాజీనామా చేసే మార్గం మూసుకుపోయింది.

కట్టంగూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి సుమారు రెండున్నర గంటలు. గంట అదనంగా ఉంచుకోండి. తనిఖీలో అధికారి గాలిసంచిని అటూ ఇటూ తిప్పి "ఏంటిది?" అని అడిగారు. నేను వివరణ కూర్చుకునేలోగా మామగారు ఊది చూపించారు. వరుసలో ఉన్న పసిపిల్లలందరూ ఒకేసారి ఏడుపు అందుకున్నారు. మమ్మల్ని వెంటనే పంపించివేశారు.

కౌలాలంపూర్‌కు నాలుగు గంటల ప్రయాణం. రెండు నెలల ముందు కొంటే రానుపోను టికెట్టు ఇరవై వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. అక్కడ సంఘంవారి బస్సు సిద్ధంగా ఉంది. తెలుగింటి అల్లుడైన తమిళ డ్రైవరు సెల్వం దారిలో కొండ మీద కుమారస్వామి గుడి ఉన్న బతు గుహల వద్ద ఆపారు. ప్రవేశం ఉచితం, మెట్ల రుసుము మాత్రం మోకాళ్లు చెల్లిస్తాయి. పెనాంగ్ ఇంకా అయిదు గంటలు. ఆ అయిదు గంటలూ నేను నిబంధన చదివాను, బృందం తలూపింది. సెల్వం అద్దంలోంచి చూస్తూ "మీరు బడిపంతులా అండి?" అని అడిగారు.

మరునాడు ఉదయం ఊరేగింపు మొదలైంది. మాకు ముందు ఒక పాఠశాల బృందం, వెనుక సింహం వేషంలో ఆడే చైనా నృత్యబృందం లారీ. సగం వీధి వరకు మావాళ్లు క్రమశిక్షణకు నమూనాగా నడిచారు. అప్పుడు కాలిబాట మీద నుంచి పూలగౌను వేసుకున్న ఒక చైనా ముసలావిడ దిగివచ్చి, మామగారి ఎదుట చేతులు పైకెత్తి ఆడడం ప్రారంభించింది. బ్యాండు ఆగింది. ఆగడమే కాదు, ఆమె చుట్టూ గుండ్రంగా సర్దుకుని, డోలు వేగం పెంచింది.

"మామా, నడువుండ్రి!"

"ఆమె ఆడుతాంది, కనవడ్తలేదా?"

"హాలు పోతది మామా!"

మామగారు పైపు నోట్లోంచి తీసి నా వైపు చూశారు. "ఎరుకే. ఆడెటోళ్లను ఇడిసి పోతే బ్యాండంటరా? నువ్వు జర పక్కకు జరుగు, ఆమెకు జాగా సాలుతలేదు."

జరిగాను. ఆమె తన భర్తను లాక్కొచ్చింది. ఆయన ఇంకో నలుగురిని లాక్కొచ్చాడు. వెనుక లారీలోని సింహం తల తీసి చేత్తో పట్టుకుని విసనకర్రతో విసురుకుంది. నిర్వాహకురాలు చేతి గడియారం చూపిస్తూ వచ్చి, నేను మర్యాదగా క్షమాపణ చెబుతుండగానే, మా పేరు కొట్టివేసింది. ముసలావిడ అలసి, దండం పెట్టి, పక్కకు తప్పుకున్న తర్వాతే బ్యాండు కదిలింది.

మరునాటి సాయంత్రం హాలుకు వెళ్లాం, ప్రేక్షకులుగా. చివరి వరుసలో మామగారు నా పక్కన కూర్చున్నారు. వేదికపై వేరే బృందం ఊదుతోంది. హాలులో ఒక్కరూ కదలడం లేదు. "గిట్ల కట్టేసినట్టు కూసుంటే ఊదెటోనికి పానం ఎట్ల వస్తది?" అని గొణిగారు. కళ్లు మాత్రం వేదిక మీది నుంచి తీయలేదు. ఆ మాట నిజమో, మనసుకు సర్దిచెప్పుకోవడమో నిర్ధారించే అధికారం సమన్వయకర్తకు లేదు. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ ఉంది. నలభై ఏళ్లు కోరుకున్నదాన్ని పేరైనా తెలియని మనిషి ఆట కోసం వదిలేసిన వ్యక్తిపై ఏ చర్య తీసుకోవాలో నాకు తెలిసిన ఏ ఉత్తర్వులోనూ లేదు.

పెళ్లి బ్యాండుతో విదేశానికి బయలుదేరేవారికి ఒక సూచన: ఊరేగింపులో చిట్టచివరి స్థానం ముందే అడిగి తీసుకోండి. వెనుక ఎవరూ లేనప్పుడు ఆగడం నేరం కాదు.