బేగంపేటకు పోయిన ఎండాకాలం

బాన్సువాడ బస్టాండులో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లెవరైనా ఘాటైన సెంటు పూసుకుని పక్కనుంచి పోతే, ఈ వయసులోనూ నా కాళ్లు ఒక్క క్షణం ఆగిపోతాయి. ఆ వాసన నన్ను రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో ఒక మే నెలకు తీసుకుపోతుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తమ్ముడు అమ్మ కడుపులో ఉండగా దుబాయికి పనికి పోయిన బాపు, మూడేళ్లకు మొదటిసారి సెలవుమీద వస్తున్నాడు.

మా అవ్వకు, అంటే బాపు వాళ్లమ్మకు, ప్రయాణమంటే పెద్ద తతంగం. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, పల్లీల పొడి పాత చీరగుడ్డలో మూటగట్టి, కూజాకు తడిబట్ట చుట్టి, వడదెబ్బ తగలకుండా తలా ఒక ఉల్లిగడ్డ దగ్గర పెట్టుకోమని, వాంతులు రాకుండా నా చేతికి నిమ్మకాయ ఇచ్చి, పొద్దు పొడవగానే కిరాయి జీపు ఎక్కించింది. ముందు సీట్లో ఒళ్లో తమ్ముడితో మా మేనమామ, వెనక అవ్వ, అమ్మ, నేను. కోతలైన వరిమళ్లు, చెరుకు తోటలు దాటి కామారెడ్డి చేరేసరికి వడగాలి మొదలైంది. అమ్మ మాత్రం కొత్త చీర కొంగు తలమీద కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తనలో తనే నవ్వుకుంటూ కూర్చుంది.

విమానం మధ్యాహ్నానికి. ఇంకా టైముందని మామ మమ్మల్ని హైదరాబాద్‌లో గుట్టమీది మ్యూజియానికి తీసుకుపోయాడు. గోదావరి దిక్కు భూమిలో దొరికిన రాక్షసబల్లి ఎముకలను అక్కడ మా ఇంటికన్నా పొడుగ్గా నిలబెట్టారు. అవ్వ చాలాసేపు తలెత్తి చూసింది.

"గింత పెద్ద పాణం గూడ మన్నుల కల్సిపోయిందా బిడ్డా!"

నేను ఒక్కో పక్కటెముకనే చూస్తూ కదలలేదు. "నడువు బిడ్డా, బాపు దిగే యాల్లయింది" అని అమ్మ రెండుసార్లు పిలిచింది. ఇంకాసేపు ఉంటానని కటకటాలు పట్టుకుని ఏడ్చాను.

మేం బేగంపేట చేరేసరికి ఆ విమానంలో దిగినవాళ్లంతా వెళ్లిపోయారు. గేటు బయట ఎండలో, తాళ్లతో కట్టిన అట్టపెట్టె మీద, బక్కచిక్కిన మనిషి ఒక్కడే తలవంచుకుని కూర్చున్నాడు. జీపు దిగుతున్న అవ్వను చూడగానే పరుగెత్తుకొచ్చి, ఆమె భుజంమీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎవ్వలు రాకపోయేసరికి నీకే ఏమన్న అయిందనుకున్న అవ్వా. గంటసేపు గదే ఫికర్."

అమ్మ నావైపు చూసింది. ఆలస్యం నావల్లేనని, ఎముకలు చూస్తూ ఉండిపోయానని నేనే చెప్పాను. బాపు కళ్లు తుడుచుకుని, సెంటు వాసన వేసే చేత్తో నా తల నిమిరాడు.

"మల్లొచ్చినప్పుడు నాకు గూడ సూపియ్యి బిడ్డా. అందరం కల్సి పోదాం."

తమ్ముడు ఆయన దగ్గరికి పోలేదు. మామ మెడ కరుచుకుని, "గాయినె ఎవలు?" అని అడిగాడు. బాపు చాచిన చేతులు అలాగే కాసేపు ఉండి, కిందికి వాలాయి.

నెలన్నర సెలవు ఇట్టే అయిపోయింది. రెండేళ్ల తర్వాత, మళ్లీ ఎండాకాలంలోనే, పనిచేసేచోట బాపు కుప్పకూలిపోయాడని, ఇక లేవలేదని ఫోను వచ్చింది. బాపు ఉన్న పెట్టె హైదరాబాద్‌కు వచ్చేరోజు మామ ఒక్కడే బండి మాట్లాడుకున్నాడు. "నేను గూడ వస్త మామా" అని తలుపు పట్టుకున్నాను. "వద్దు బిడ్డా" అంటూ మామ నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించాడు. అవ్వ ఆరోజు పొయ్యి ముట్టించలేదు. గడపమీద కూర్చుని రోడ్డువైపే చూసింది.

ఇప్పుడు దుబాయి విమానాలు బేగంపేటలో దిగడం లేదు. మా ఊళ్లవాళ్లు అద్దాలు మూసిన కార్లలో శంషాబాద్ పోయి తమవాళ్లను తెచ్చుకుంటున్నారు. అవ్వ పోయి చాలాకాలమైంది. తమ్ముడికి బాపు మొహం ఫోటోలోదే తప్ప గుర్తు లేదు. ఇంటికి వచ్చినప్పుడల్లా అడుగుతాడు, "బాపు నన్ను ఎత్తుకున్నడా అక్కా?" అని.

ఆరోజు తిరుగు ప్రయాణంలో మేడ్చల్ దాటాక, నిద్రపోయిన వాణ్ని మామ ఒడిలోంచి బాపు మెల్లగా అందుకున్నాడని, కాళ్లు తిమ్మిరెక్కినా బాన్సువాడ వచ్చేదాకా కదలలేదని చెప్తాను. వాడు మళ్లీ చెప్పమంటాడు.